రాకెట్లంటే భయపడే యుఖీం

మా ఆయన యుఖీం పిరికివాడు. ఈ మాట నేను చాటుగా చెప్పడం లేదు. ద్నిప్రో నది ఎడమ గట్టున మా బిల్డింగ్ మెట్ల మీద ఎవరిని ఆపి అడిగినా చెబుతారు. కుక్కలంటే భయం, లిఫ్టంటే భయం, పళ్ళ డాక్టరంటే భయం. తాళం వేసి రెండంతస్తులు దిగాక, స్టవ్ ఆపానో లేదోనని మళ్ళీ ఎక్కి వస్తాడు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి కూడా భయపడి, నేను కండక్టరుగా ఉన్న ట్రామ్‌లోనే అడిగాడు. కాదంటే తర్వాతి స్టాపులో దిగిపోవచ్చునని ఆయన లెక్క. నేను వెంటనే జవాబు చెప్పలేదు. బండి నిండా జనం, టికెట్లు కొట్టాలి. పాపం, డిపో దాకా చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాడు.

రాకెట్ల ఫ్యాక్టరీలో పనిచేశాడంటే జనం ఏదేదో ఊహించుకుంటారు. ఆయన తోలింది క్యాంటీన్ వ్యాను. వంటశాల నుంచి షెడ్డుకు బోర్ష్ సూపు గిన్నెలు మోసుకుపోయి, ఖాళీ గిన్నెలు వెనక్కి తెచ్చేవాడు. అన్నేళ్ళలో రాకెట్‌ని ఒకే ఒక్కసారి చూశాడు, అదీ టార్పాలిన్ కప్పి ఉండగా. దగ్గరికి కూడా పోలేదట.

"పేలితే?" అన్నాడు నాతో.

"అందులో ఇంకా ఏమీ నింపరు కదా, ఖాళీది" అన్నాను.

"ఖాళీదని నీకెవరు చెప్పారు?"

అటువంటి మనిషి రిటైరయ్యాక రాకెట్ల ఆటలో పడ్డాడు. కంప్యూటర్‌లో ఆడే ఆట. తుపాకులూ చంపుకోవడాలూ ఉండవు. నిజం రాకెట్ ఎలా లేస్తుందో, ఎలా ఒరుగుతుందో, ఎలా కూలుతుందో అచ్చం అలాగే ఉంటుంది. ఆ ఆటకు తగిలించుకునేందుకు పాతకాలపు రాకెట్లను కొందరు సొంత సరదా కొద్దీ తయారు చేస్తారు. వాటిని యాడ్-ఆన్‌లు అంటారు. యుఖీంకు తయారు చేయడం రాదు. తయారైనదాన్ని అందరికీ పంచేముందు ఎగరేసి చూసి, తప్పులు చెప్పడం ఆయన పని. జీతం లేదు, బత్తెం లేదు. కుర్చీ మాత్రం అరిగిపోయింది.

ఆ పనిలో ఆయనకు మంచి పేరుంది. కారణం ఆయన పిరికితనమే. మిగతావాళ్ళు ధైర్యవంతులు. రాకెట్‌ని పుస్తకంలో రాసినట్టు పైకి లేపి, కక్ష్యలో పెట్టి, బాగుంది అని చప్పట్లు కొట్టేస్తారు. మా ఆయనకు నిప్పు రాజుకోగానే భయం మొదలవుతుంది. ఇప్పుడు ఒక ఇంజిన్ ఆరిపోతే? అని ఒకదాన్ని ఆర్పి చూస్తాడు. లోపల కూర్చున్నవాళ్ళకు కళ్ళు తిరిగితే? అని మీటల మీంచి చేతులు తీసేసి ఊరుకుంటాడు. పారాచూట్ విచ్చుకోకపోతే? తలుపు పడకపోతే? ఆయనకు పుట్టిన ప్రతి భయం దగ్గరా ఏదో ఒక తప్పు బయటపడేది. ఒస్త్రావాలో బొహుమిల్ అని ఒక ముసలాయన ఉన్నాడు, చెక్ దేశస్తుడు, గనుల్లో పనిచేసి మానేసినవాడు. ఆయన చేసినన్ని పాత రాకెట్లు ఇంకెవరూ చేయలేదు. ఎవరైనా తొందరపడితే, "ఆగండి, యుఖీం ఇంకా భయపడలేదు" అనేవాడు. పోనుపోను వాళ్ళ గుంపులో అదే పద్ధతైపోయింది. యుఖీం భయపడి చూడందే ఏ రాకెట్టూ విడుదల కాదు.

తర్వాత యుద్ధం వచ్చింది. మా ఇంట్లో ఆయన భయానికి నిజమైన పని దొరికింది.

మా అమ్మ మోత్రియా మాతోనే ఉంటుంది. పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాయి, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. మేముండేది నాలుగో అంతస్తు. కరెంటు పోతే లిఫ్టు ఉండదు, అమ్మను మెట్లమీదుగా మోసుకుని నేలమాళిగకు దిగడం మా వల్లకాదు. అందుకని సైరన్ మోగగానే కిటికీలు లేని నడవాలోకి పోయి కూర్చుంటాం. వీధికీ మనకూ మధ్య రెండు గోడలు అడ్డుండాలంటారు. అమ్మ మంచం కిటికీ పక్కన ఉంటుంది, వీధి చూడందే ఆమెకు తోచదు. మంచం కోళ్ళకు యుఖీం క్యాంటీన్ బండి చక్రాలు బిగించాడు. సైరన్ మొదటి కూత పైకి లేచేలోపే ఆయన మంచం దగ్గర ఉంటాడు. మొహం పాలిపోయి, వేళ్ళు వణుకుతూ, చెప్పు ఒక కాలికే ఉంటుంది. అయినా మంచాన్ని గుమ్మం దాటించేస్తాడు. నేను రొట్టె కోస్తూ ఉంటే కత్తి కింద పెట్టేసరికి అమ్మ నడవాలో ఉండేది.

"వచ్చాడమ్మా కుందేలు" అనేది అమ్మ. "నాకు కాళ్ళు పడిపోయినయ్, నీకు గుండెకాయ పడిపోయింది. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటే సరి."

"పడుకుందాంలే అమ్మా, ముందు చెయ్యి లోపలికి పెట్టుకో, గుమ్మానికి తగుల్తది" అనేవాడు ఆయన.

ఆయన ఆటలో కూర్చుంటే రెండు చెవులకూ హెడ్‌ఫోన్స్ ఉంటాయి. అందుకే అప్పుడు వినే పని నాది. వంటింట్లో ఉన్నా, బట్టలు ఆరేస్తున్నా ఒక చెవి వీధి మీదే ఉంచుతాను. సైరన్ వినపడితే పోయి ఆయన భుజం తడతాను. ఎవరో ఒకరి చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండాలని మా ఇద్దరి ఒప్పందం. అమ్మకు వినపడుతుంది గానీ లేవలేదు.

ఆ చలికాలం బొహుమిల్ ఒక పాత సోవియట్ రాకెట్‌ని పంపాడు, మనుషుల్ని మోసేది. దాని కొసన ఇంకో చిన్న రాకెట్ ఉంటుంది. కింద మంటలు లేస్తే, మనుషులున్న గదిని అది ఊడబెరికి దూరంగా లాక్కుపోతుంది. దాన్ని పేల్చే మీట లోపలివాళ్ళ చేతిలో ఉండదు. నేల మీద వేరువేరు గదుల్లో ఇద్దరు కూర్చుని ఉంటారు. సంకేతం వినపడగానే ఇద్దరూ ఐదు సెకన్ల లోపల నొక్కాలి. ఒక్కరే నొక్కితే ఏమీ జరగదు. బొహుమిల్ దాన్ని కూడా ఉన్నదున్నట్టు ఆటలో పెట్టాడు. అంటే పరీక్షించడానికి రెండు కంప్యూటర్లు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి.

"క్లావా, కాస్త సాయం చేస్తావా?" అన్నాడు మా ఆయన, ట్రామ్‌లో పెళ్ళి మాట అడిగిన గొంతుతోనే.

"నాకేం తెలుసు రాకెట్ల గురించి?"

"తెలియక్కర్లేదు. మంట చూసి భయం వేస్తే నొక్కెయ్. ఇద్దరికీ ఒకేసారి భయం వెయ్యాలి, అంతే."

సరేనన్నాను. పాత లాప్‌టాప్ వంటింటి బల్ల మీద పెట్టి, తీగ నడవాలోంచి లాగాడు. నాకూ హెడ్‌ఫోన్స్ తగిలించాడు. ఆయన మాట అందులోంచే వినపడుతుంది. సంకేతపదం ఏం పెడదామంటే "ముల్లంగి" అన్నాను, అప్పుడు నా చేతిలో అదే ఉంది.

ఆ రాకెట్‌ని మొదటిసారి ఆటలోకి ఎక్కించినప్పుడే ఒక గొడవ జరిగింది. రాకెట్ లేచే ముందు ఆటలో సైరన్ మోగింది. బొహుమిల్ ఊళ్ళో నెలకొకసారి, మొదటి బుధవారం మధ్యాహ్నం, సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి మోగిస్తారట. జనం గడియారం సరిచేసుకుని మళ్ళీ పనిలో పడతారట. ఆయన దాన్ని రికార్డు చేసి, లాంచ్‌ప్యాడ్ సందడికి బాగుంటుందని వేసేశాడు. ఆయనకు అది భోజనం వేళ చప్పుడు. మా ఆయనకు అలా కాదు కదా. హెడ్‌ఫోన్స్ విసిరేసి, తీగకు కాలు తట్టుకుని, పడి లేచి అమ్మ మంచాన్ని నడవాలోకి లాక్కొచ్చాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వీధి ప్రశాంతంగా ఉంది. కింద ఎవరో మంచు తోస్తున్నారు.

సంగతి తెలిశాక అమ్మ ఊరుకుంటుందా?

"బొమ్మ రాకెట్‌కు భయపడి పారిపోయావా నాయనా! రేపు ఈల వేసే కెటిల్‌కు కూడా నన్ను నడవాలో పడేస్తావ్. ముసలిదాన్ని, ఎముకలు విరుగుతాయ్. కాస్త మగాడిలా ఉండు."

నవ్వాపుకోలేక నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సైరన్ తీసెయ్యమని బొహుమిల్‌కు రాయమన్నాను. రాయలేదు. "రాస్తే జాలిపడతారు. ఇప్పటికే ప్రతి ఉత్తరంలో 'ఎలా ఉన్నావ్' అంటున్నారు" అన్నాడు. జాలి అంటే కూడా ఆయనకు భయమని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు వచ్చింది. అంతకు ముందు చాలాసేపు లేదు, దాడి హెచ్చరిక వినిపించే ఫోన్లు రెండూ చచ్చి నడవాలో ఛార్జింగ్‌లో ఉన్నాయి. అమ్మ భోజనం చేసి కిటికీవైపు తిరిగి పడుకుంది. కరెంటు ఉన్నంతలోనే పని ముగించాలని ఇద్దరం ఎవరి గదిలో వాళ్ళం కూర్చున్నాం. ఎవరి చెవీ ఖాళీగా లేదు. ఆ ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

మొదట ఎక్కించినప్పుడు సైరన్ మోగింది. ఆయన ఊపిరి బిగబట్టడం నాకు హెడ్‌ఫోన్స్‌లో వినపడింది. అయినా కుర్చీలోంచి లేవలేదు. కింద మంట లేచింది. "ముల్లంగి!" అన్నాడు. నేను కంగారులో వేరే మీట నొక్కాను. లోపలివాళ్ళు కాలిపోయారు.

"పర్లేదు, పర్లేదు. మళ్ళీ" అన్నాడు.

రెండోసారి ఆయన తొందరపడ్డాడు. మూడోసారి నాకు తుమ్ము వచ్చింది. ప్రతిసారీ మొదట్లో ఆ సైరన్ కూతే. వినగా వినగా నాకు అది ట్రామ్ గంటలాగా అయిపోయింది. ఆయన ఊపిరి కూడా మామూలుగానే ఉంది. "చూశావా, అలవాటైపోయింది నాకు" అన్నాడు గర్వంగా. ఆ గర్వం విని నేను సంతోషించాను.

ఆ తర్వాతిసారి సైరన్ మోగి, రాకెట్ లేచాక కూడా ఆగలేదు.

"క్లావా, నీకు కూడా సైరన్ ఆగలేదా?" అన్నాడు.

"ఆగలేదు. మోగుతూనే ఉంది."

"రెండింట్లోనూ ఉందన్నమాట. తప్పు పట్టుకున్నాం. రాకెట్ లేచాక ఆగిపోవాలది, బొహుమిల్ ఆపడం మర్చిపోయాడు. రాసుకుంటున్నా ఉండు."

ఆయన టైపు చేస్తున్న చప్పుడు వినపడింది. నేను చేయి మీట మీదే పెట్టుకుని కూర్చున్నాను. సైరన్ లేస్తోంది, దిగుతోంది. దాని వెనకాల ఇంకేదో సన్నటి శబ్దం కూడా ఉన్నట్టనిపించింది, ఎవరో పిలుస్తున్నట్టు. ఆటలో ఇంకో తప్పనుకున్నాను. దేవుడా, అలాగే అనుకున్నాను.

"ఇంకో గొంతు కూడా వస్తోంది యుఖీం" అన్నాను.

"అదీ రాస్తా."

అప్పుడు నేల లేచింది. చప్పుడు తర్వాత వచ్చింది, ముందు బల్లే నా పొట్టకు తగిలింది. వంటింటి కిటికీ అద్దం పగల్లేదు, ఉబ్బినట్టై మళ్ళీ సర్దుకుంది. అలమారలో కప్పులన్నీ గలగలమన్నాయి. హెడ్‌ఫోన్స్‌లో యుఖీం గొంతు ఒక్కటే వినపడింది: "ఇది ఆటలో లేదు." అంతే. హెడ్‌ఫోన్స్ లాగేశాను. బయట సైరన్ అలాగే మోగుతోంది.

అమ్మ గది తలుపు దాకా నాలుగు అడుగులు కూడా ఉండవు. తలుపు తీస్తే ఏం చూడాల్సి వస్తుందోనన్న భయం, సైరన్ భయం కంటే పెద్దది. జీవితంలో అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు. గోడ పట్టుకుని నిలబడిపోయాను. యుఖీం నన్ను దాటుకుని తలుపు తోశాడు.

గదిలో చలిగాలి కొడుతోంది. కిటికీకి అద్దం లేదు. అద్దమంతా మంచం మీదా, నేల మీదా ఉంది. అమ్మ మంచం మీద అమ్మ లేదు, దుప్పటి కుప్ప మాత్రమే ఉంది. కుప్ప అంచును ఒక చేయి లోపలినుంచి పట్టుకుని ఉంది. ఆ చేతి మీదుగా నెత్తురు మోచేతిదాకా కారుతోంది.

"అమ్మా!" అని అరిచాను.

దుప్పటి కదిలింది. యుఖీం వట్టి చేతులతో అద్దం పెంకులు ఊడుస్తూ పోయి దుప్పటి ఎత్తాడు. అమ్మ బతికే ఉంది. మొహం మీద ఒక్క గీత లేదు. కళ్ళు మాత్రం ఎప్పుడూ చూడనంత పెద్దవిగా ఉన్నాయి. చలికో దేనికో గడ్డం కొట్టుకుంటోంది.

"పిలిచాను" అంది. "ఎంత పిలిచానో. క్లావా అన్నాను, యుఖీం అన్నాను. ఇద్దరూ పక్క గదుల్లోనే మాట్లాడుకుంటున్నారు, వినపడుతోంది నాకు. ముల్లంగి ముల్లంగి అనుకుంటున్నారు. ఎవరూ రాలేదు. దుప్పటి తలమీదకు నేనే లాక్కున్నాను."

మంచాన్ని నడవాలోకి లాగి, నేను వంటింటి గుడ్డ చించి చేతికి కట్టు కట్టాను. గాయం లోతైనదే గానీ వేళ్ళు ఆడుతున్నాయి. రాకెట్ పక్క వీధిలో గ్యారేజీల మీద పడిందని, మనుషులెవరూ లేరని తర్వాత పైఇంటి రొస్తిస్లావ్ వచ్చి చెప్పి పోయాడు. యుఖీం గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అరచేతుల్లో గాజు గుచ్చుకుని ఉంది, చూసుకోలేదు. ఆయన చేతులు వణకడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అమ్మ మంచం మీదినుంచి తల వంచి ఆయన్నే చూసింది. పాతికేళ్ళకు పైగా ఆయన్ని కుందేలని ఎగతాళి చేసిన మనిషి. ఈసారి గొంతులో వెటకారం లేదు, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఇవాళ ఎందుకు భయపడలేదయ్యా నువ్వు?"

ఆయన మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. నేను పక్కన కూర్చుని అరచేతుల్లోంచి గాజు తీశాను, తీస్తూ నేనూ ఏడ్చాను.

కిటికీకి మర్నాడు ప్లైవుడ్ కొట్టించాం. ఆయన బొహుమిల్‌కు ఒక్క వాక్యం రాశాడు, సైరన్ తీసెయ్యమని. ఎందుకో రాయలేదు. బొహుమిల్ అదే రోజు తీసేశాడు, ఎందుకని అడగలేదు. ఇప్పుడు మా ఆయన ఒక చెవి వదిలేసి ఆడుతున్నాడు, ఇద్దరు కావాల్సిన రాకెట్ల జోలికి పోవడం లేదు. ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిది ఒకటుంది.

ప్లైవుడ్ కొట్టిన సాయంత్రమే మళ్ళీ సైరన్ మోగింది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కదలడం లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, నేను వచ్చేసరికి అమ్మ మంచం ఇంకా గదిలోనే ఉంది. మొహం నావైపు తిప్పి, నెమ్మదిగా అడిగాడు.

"క్లావా, ఇది నిజమైనదేనా?"

మా ఇంటిని ఇన్నాళ్ళూ కాచిన ఆ భయం, ఏ అనుమానమూ లేకుండా ముందు పరిగెత్తించే ఆ భయం, ఇప్పుడు నిలబడి నన్ను అడిగి తెలుసుకుంటోంది. అవునని నేను చెప్పేలోపే చీకటి గదిలోంచి అమ్మే అరిచింది, కట్టు కట్టిన చేతిని మంచం ఇనపకమ్మీకేసి కొడుతూ.

"నిజమైనదేరా నాయనా! భయపడు! నీకు పుణ్యముంటుంది, భయపడు!"

ఆయన ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. ఒక చెప్పు జారిపోయింది. మంచం చక్రాలు గుమ్మం మీద ఎగిరిపడ్డాయి.